కోడ్ ముక్కలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు: "వాళ్ల దగ్గర నడిచిన కోడ్ మా దగ్గర నడవట్లేదు." తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాటిలో నలుగురికీ పనికొచ్చేవి ఏరి ఇస్తున్నాం. కమాండ్ల పేర్లు, ఫంక్షన్ల పేర్లు పలికినట్టే రాశాం. కొట్టేటప్పుడు మామూలుగా ఇంగ్లీషులోనే కొట్టండి.

ప్రశ్న: మా క్లాసు వాట్సాప్ గ్రూపులో సీనియర్లు పైథాన్ కోడ్ పెడుతుంటారు. కాపీ చేసి పేస్ట్ చేస్తే మొదటి లైన్లోనే ఎర్రర్ వస్తుంది. అడిగితే "నాకు బాగానే వస్తోందే" అంటారు. తప్పు ఎక్కడ?
— ఇంజినీరింగ్ మూడో ఏడాది విద్యార్థిని, తిరుపతి

జవాబు: తప్పు జరిగింది దారిలో, కోడ్ మీ దాకా చేరేలోపు. ముందు కొటేషన్ గుర్తులు చూడండి. కోడ్‌లో ఉండాల్సింది నిటారు కొటేషన్, దాని యూనికోడ్ (ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే పద్ధతి) సంఖ్య 34. ఐఫోన్‌లో టైప్ చేసినా, వర్డ్ ఫైలు నుంచి తెచ్చినా అది వంపు తిరిగిన జంటగా మారిపోతుంది. వాటి సంఖ్యలు 8220, 8221. కంటికి పెద్ద తేడా ఉండదు గానీ పైథాన్ లెక్కలో అవి కొటేషన్లే కావు. అందుకే 'ఇన్‌వాలిడ్ క్యారెక్టర్' అని మొరాయిస్తుంది. ఐఫోన్ వాడే సీనియర్‌ని సెట్టింగ్స్‌లో జనరల్, అందులో కీబోర్డ్ తెరిచి 'స్మార్ట్ పంక్చుయేషన్' ఆపేయమనండి. రెండు హైఫన్లను కలిపి ఒక పొడుగు గీత చేసేది కూడా ఆ సెట్టింగే. ఆప్షన్ ముందు రెండు హైఫన్లు ఉండాల్సిన చోట ఆ గీత పడితే టెర్మినల్ దాన్ని ఆప్షన్ అనుకోదు. చాలా కమాండ్లు ఫైలు పేరనుకుని 'అలాంటి ఫైలు లేదు' అంటాయి. మీరేమో లేని ఫైలు కోసం వెతుకుతూ కూర్చుంటారు.

తర్వాత ఇండెంటేషన్, అంటే లైను ముందు వదిలే ఖాళీ. మెసేజ్ మొదట్లో ఉన్న ఖాళీలను వాట్సాప్ తీసేస్తుంది. ఫంక్షన్ మధ్యలోంచి నాలుగు లైన్లు పంపారనుకోండి. మొదటి లైను ఎడమ అంచుకు వచ్చేస్తుంది, మిగతా మూడూ లోపలికే ఉంటాయి. 'అనెక్స్‌పెక్టెడ్ ఇండెంట్' కనబడితే ముందు అనుమానించాల్సింది దీన్నే.

స్టార్లు, అండర్‌స్కోర్ల సంగతి వేరు. వాట్సాప్‌లో రెండు స్టార్ల మధ్య పడిన మాట బోల్డ్ అవుతుంది, రెండు అండర్‌స్కోర్ల మధ్యది వాలు అక్షరాలవుతుంది. ఆ గుర్తులు మాత్రం తెర మీద మాయం. చూసి టైప్ చేసేవాళ్లకు అక్కడ స్టార్ ఉందని తెలిసే మార్గమే లేదు. ఇక స్క్రీన్‌షాట్ తీసి ఇంకో గ్రూపుకు పంపితే అవి శాశ్వతంగా పోయినట్టే.

అన్నిటికంటే ఏడిపించేది 160 నంబరు ఖాళీ. పీడీఎఫ్ నుంచో, వెబ్ పేజీ నుంచో వస్తుంది. మామూలు ఖాళీ సంఖ్య 32. రెండూ చూడ్డానికి ఒకటే, పైథాన్‌కు వేర్వేరు. వీఎస్ కోడ్‌లో పేస్ట్ చేస్తే ఇలాంటి అక్షరాల చుట్టూ గడి గీసి చూపిస్తుంది. నోట్‌ప్యాడ్‌లో చూపించదు.

పంపేవాళ్లు చేయాల్సింది ఒకటే: కోడ్‌ను ఫైలుగా, వాట్సాప్‌లో 'డాక్యుమెంట్' కింద పంపడం. బైటు కూడా మారదు. రెండు మూడు లైన్లే అయితే ముందూ వెనకా మూడేసి బ్యాక్‌టిక్‌లు పెడితే స్టార్లు, అండర్‌స్కోర్లు నిలుస్తాయి. కానీ ఫోన్ కీబోర్డు ముందే వంచేసిన కొటేషన్లను బ్యాక్‌టిక్‌లు సరిచేయలేవు. గిట్‌హబ్ జిస్ట్ (కోడ్ ముక్కలు పెట్టుకునే పేజీ) లింకు ఇవ్వడం ఇంకా మేలు, మార్పులు చేస్తే పాతదీ కనబడుతుంది. అయితే 'సీక్రెట్ జిస్ట్' అన్నది పేరుకే సీక్రెట్. లింకు చేతికి చిక్కిన ఎవరైనా తెరవొచ్చు.

ప్రశ్న: టోకెన్ల మీద ఊరి పేరు 10 అక్షరాలకు కత్తిరించి ప్రింట్ చేయాలి. ప్రోగ్రాం పీహెచ్‌పీలో ఉంది. ఇంగ్లీషు పేర్లు బాగానే వస్తున్నాయి, మా ఊరి పేరు మాత్రం చివర్లో నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకంతో వస్తోంది. స్నేహితుడు ఇచ్చిన ఇంకో ఫంక్షన్ పెడితే డైమండ్ పోయింది, పేరు మాత్రం సగమే వచ్చింది.
— ప్రింటింగ్ షాపు యజమాని, శ్రీకాళహస్తి

జవాబు: మీ ఊరి పేరు ఈ జబ్బుకు మంచి పరీక్ష. 'శ్రీకాళహస్తి' మనం చదివేటప్పుడు శ్రీ, కా, ళ, హ, స్తి అని 5 అక్షరాలు. యూనికోడ్ లెక్కలో 12 కోడ్‌లు (అంటే అక్షర సంఖ్యలు), ఎందుకంటే శకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం ఇవన్నీ వేటికవే. వాటిని ఫైల్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ ఒక్కోటి 3 బైట్లు కాబట్టి మొత్తం 36 బైట్లు.

మామూలు 'సబ్‌స్టర్' బైట్లు లెక్కపెడుతుంది. 10 బైట్లంటే మూడు కోడ్‌లు, ఆపై నాలుగోదాంట్లో ఒక ముక్క. అందుకే 'శ్ర' వచ్చి పక్కన డైమండ్ పడింది. మీ స్నేహితుడు ఇచ్చింది 'ఎంబీ సబ్‌స్టర్' అయి ఉండాలి. అది కోడ్‌లు లెక్కపెడుతుంది. 10 కోడ్‌లు తీసుకుంటే 'శ్రీకాళహస్' దగ్గర ఆగుతుంది. బైటు విరగలేదు గానీ స్తి విరిగింది.

మీకు కావలసింది 'గ్రాఫీమ్ సబ్‌స్టర్'. పీహెచ్‌పీ ఇంటల్ ఎక్స్‌టెన్షన్‌లో ఉంటుంది. ఇక్కడా ఒక మెలిక ఉంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నుంచే తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒక్క ముక్కగా చూడాలన్న నియమం చేరింది. సర్వర్‌లో ఈ నియమాలు అమలుచేసే ఐసీయూ లైబ్రరీ పాతదైతే 'స్తి'ని స్, తి అని రెండుగానే కోస్తుంది. 'గ్రాఫీమ్ స్టర్‌లెన్'కి 'స్తి' ఒక్కటే ఇచ్చి చూడండి: 1 వస్తే కొత్తది, 2 వస్తే పాతది. పాతదైతే కోసిన ముక్క చివర పొల్లు (3149) ఉండి, వదిలేసిన భాగం హల్లుతో, అంటే 3093 నుంచి 3129 మధ్య సంఖ్యతో మొదలైతే ఒక ముక్క వెనక్కి జరగండి. రెండో షరతు మరవొద్దు. అది లేకపోతే 'సర్వర్' లాంటి, సహజంగానే పొల్లుతో ముగిసే మాటల్ని కూడా కోసేస్తుంది.

ఇంత చేసినా టోకెన్ మీద అక్షరాల లెక్క సరైన కొలత కాదు. 'ర' ఇరుకు, 'హా' వెడల్పు. పిక్సెల్ వెడల్పు కొలిచి కత్తిరించండి. 58 మిల్లీమీటర్ల థర్మల్ ప్రింటర్‌లో సాధారణంగా అడ్డంగా 384 చుక్కలు, 80 మిల్లీమీటర్లదాంట్లో 576. మామూలు రసీదు ప్రింటర్ల సొంత ఫాంట్లలో తెలుగు ఉండదు. పేరును బొమ్మగా చేసి పంపాల్సిందే. బొమ్మ చేసే లైబ్రరీకి వత్తుల్ని సరిగా పేర్చడం రావాలి. పైథాన్ పిల్లో వాడితే లిబ్‌రాక్మ్ ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే వత్తులు హల్లు కిందికి పోకుండా పక్కన పడతాయి.

ప్రశ్న: స్కూలు నుంచి తల్లిదండ్రులకు పంపే ఇంగ్లీషు ఎస్సెమ్మెస్ 140 అక్షరాలే. ఈ నెల ఒక్కో మెసేజ్‌కి మూడింటి ఛార్జీ పడింది. టెంప్లేట్‌లో ఒక్క మాటే మార్చాం.
— స్కూలు కంప్యూటర్ ఆపరేటర్, నగరి

జవాబు: ఆ మాటతో పాటు వంపు అపాస్ట్రఫీ (8217) వచ్చి ఉంటుంది, వర్డ్‌లో టైప్ చేశారేమో చూడండి. ఎస్సెమ్మెస్‌కు ఉన్న చిన్న అక్షరమాలలో ఇమిడితే 160 పడతాయి. అందులో లేని అక్షరం ఒక్కటి చేరినా మొత్తం మెసేజ్ యూనికోడ్‌కు మారి పరిమితి 70కి పడిపోతుంది. 70 దాటితే ముక్కకు 67 చొప్పున లెక్క. రెండు ముక్కల్లో 134 పడతాయి, మీ 140కి మూడు. తెలుగులో పంపినా ఇదే లెక్క, అక్కడ గుణింతం, పొల్లు, వత్తు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. ఎమోజీ అయితే రెండు. కొత్త టెంప్లేట్‌ను నిటారు అపాస్ట్రఫీతో డీఎల్‌టీలో (ఎస్సెమ్మెస్ టెంప్లేట్లు నమోదు చేసే చోటు) మళ్లీ నమోదు చేయించండి. నమోదైనదానికీ పంపినదానికీ అక్షరం తేడా ఉన్నా మెసేజ్ ఆగిపోతుంది.

ప్రశ్న: తెలుగు పుస్తకాల జాబితాకు వెతుకులాట పెట్టాం. 'సాఫ్ట్‌వేర్' అని కొడితే కొన్ని పుస్తకాలు వస్తాయి, కొన్ని రావు. డేటాబేస్‌లో కళ్లారా చూస్తున్నాం, అదే మాట.
— లైబ్రరీ సాఫ్ట్‌వేర్ చూసే ఉద్యోగి, చిత్తూరు

జవాబు: కళ్లకు అదే మాట, కంప్యూటర్‌కు రెండు. ట్‌ తర్వాత వకారం వత్తుగా మారకుండా కొందరు మధ్యలో 8204 నంబరు అక్షరం పెడతారు. అది కనబడదు. దాంతో కలిపి ఆ మాట 11 కోడ్‌లు, లేకుండా 10. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతటవే పెడతాయి, కొన్ని పెట్టవు.

అసలు పేరున్న కాలమ్‌ను ముట్టుకోకండి. ప్రింటుకు ఆ 8204 కావాలి, తీసేస్తే ఆ మాట టకారానికి వావత్తు తగిలించుకుని కూర్చుంటుంది. పక్కన వెతుకులాట కోసమే ఇంకో కాలమ్ పెట్టి, అందులో 8203, 8204, 8205, 65279 (అన్నీ కంటికి కనబడనివే) తీసేసిన రూపం ఉంచండి. వాడేవాళ్లు కొట్టిన మాటకూ అదే ఫంక్షన్ నడపండి. ఒకవైపే శుభ్రం చేస్తే ఫలితం ఇంకా తగ్గుతుంది.

అదే ఫంక్షన్‌లో ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ కూడా చేయండి, అంటే ఒకే అక్షరాన్ని రెండు రకాలుగా రాసినా ఒకే రూపానికి తేవడం. ఐత్వం (3144) ఒక్క కోడ్‌గానూ రావచ్చు, ఎత్వం (3142), దాని కింది గుర్తు (3158) అని రెండుగానూ రావచ్చు. 'వైద్యం' అన్న మాట అట్లా రెండు రకాలుగా డేటాబేస్‌లో చేరుతుంది. ఎన్‌ఎఫ్‌సీ రెంటినీ ఒకటి చేస్తుంది.

ఎన్‌ఎఫ్‌సీకి లొంగనిది ఒకటుంది. పాత డీటీపీ ఫైళ్ల నుంచి మార్చిన పాఠాల్లో సున్న (3074) ఉండాల్సిన చోట తెలుగు అంకె సున్నా (3174) ఉంటుంది. 'మంచి' బదులు 'మ౦చి'. తేడా కనబడిందా? కనబడదు. తెలుగు అంకెల్ని 0 నుంచి 9కి మార్చే కోడ్ ముక్క ఒకటి గ్రూపుల్లో బాగా తిరుగుతోంది. దాన్ని ముందు నడిపితే 'మ0చి' అవుతుంది, ఇక ఎవరికీ దొరకదు. కాబట్టి క్రమం ముఖ్యం: 3174కి ముందు తెలుగు అక్షరమో గుణింతమో ఉంటే మొదట దాన్ని 3074 చేయండి, ఆ తర్వాతే అంకెల మార్పిడి.

ప్రశ్న: రిపోర్టు సీఎస్‌వీగా ఇస్తే ఎక్సెల్‌లో తెలుగు పిచ్చి అక్షరాలుగా వస్తోంది. ఆధార్ నంబర్ల చివరి అంకెలు కూడా పోతున్నాయి.
— డేటా ఎంట్రీ కేంద్రం, పుత్తూరు

జవాబు: మొదటిదానికి, ఫైలు రాసేటప్పుడు ఎన్‌కోడింగ్ 'యూటీఎఫ్-8-సిగ్' అని ఇవ్వండి. ఫైలు తలమీద 239, 187, 191 అనే మూడు బైట్లు చేరతాయి, ఎక్సెల్ వాటిని చూసి యూటీఎఫ్-8 అని గుర్తుపడుతుంది. ఆ ఫైలును మళ్లీ పైథాన్‌లో చదివేటప్పుడు కూడా అదే ఎన్‌కోడింగ్ ఇవ్వాలి. లేదంటే ఆ బైట్లు మొదటి కాలమ్ పేరుకు అంటుకుని 'ఆ కాలమ్ లేదు' అని ఎర్రర్ వస్తుంది.

రెండోది: ఎక్సెల్ 12 అంకెలు, అంతకు మించిన సంఖ్యను ఘాతాంక రూపంలో చూపిస్తుంది. అట్లాగే సీఎస్‌వీగా సేవ్ చేస్తే కనబడేదే మిగులుతుంది. డబుల్ క్లిక్ చేసి తెరవకండి. డేటా మెనూలో 'ఫ్రమ్ టెక్స్ట్' ద్వారా తెచ్చి ఆ కాలమ్ రకం 'టెక్స్ట్' అని ఎంచుకోండి. 16 అంకెల నంబర్లయితే ఇంకా ప్రమాదం. ఎక్సెల్ 15 అంకెల దాకే దాచుకుంటుంది, పదహారోది సున్నా అయిపోతుంది.

ప్రశ్న: పాల సేకరణ కేంద్రానికి ప్రోగ్రాం రాశాను. పొద్దున పాలు పోసిన కొందరి లెక్క ముందురోజు కింద పడుతోంది, అందరిదీ కాదు. ఒకటో తేదీ పాలు పోయిన నెల బిల్లులోకి వెళ్లి రైతులతో గొడవ. గ్రూపులో ఇచ్చిన టైమ్‌జోన్ కోడ్ పెడితే ఇంకా చిత్రంగా 23 నిమిషాల తేడా వస్తోంది.
— పలమనేరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఐదున్నర లోపు పోసినవాళ్లదే తప్పుతోంది కదా, సరిచూసుకోండి. సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంది. మన సమయం దానికి 5 గంటల 30 నిమిషాలు ముందు. ఒకటో తేదీ పొద్దున 5:10 అంటే సర్వర్‌కు ముందురోజు రాత్రి 11:40. తేదీని అక్కడే కత్తిరిస్తే పోయిన నెలలోకి పోతుంది.

దాచేది యూటీసీలోనే దాచండి, తేదీవారీగా కూడే ముందు మాత్రం 'ఏషియా/కోల్‌కతా'కి మార్చండి. ఇది మైఎస్‌క్యూఎల్‌లో 'కన్వర్ట్ టీజెడ్' ఫంక్షన్‌తో అవుతుంది. టైమ్‌జోన్ పట్టికలు లోడ్ కాని సర్వర్‌లో పేరు ఇస్తే అది ఎర్రర్ చెప్పదు, నిశ్శబ్దంగా 'నల్' ఇస్తుంది. బిల్లులో ఆ వరసలన్నీ మాయం. పట్టికలు లోడ్ చేయించుకునే వీల్లేకపోతే పేరు బదులు +05:30 ఇవ్వండి. మనకు వేసవి గడియారం మార్పు లేదు కాబట్టి ఇది చాలు. పోస్ట్‌గ్రెస్ వాడేవాళ్లకు ఇంకో గొయ్యి: 'ఎట్ టైమ్ జోన్' అన్నది టైమ్‌జోన్ ఉన్న కాలమ్ మీద ఒకవైపు, లేని కాలమ్ మీద సరిగ్గా ఎదురువైపు మారుస్తుంది. కాలమ్ రకం చెప్పకుండా ఎవరైనా ఆ ముక్క ఇస్తే అది సగం సమాచారమే.

ఇక మీ 23 నిమిషాలు. గ్రూపులో వచ్చింది పైటీజెడ్ కోడ్. ఆ లైబ్రరీలో జోన్‌ను నేరుగా 'టీజెడ్‌ఇన్‌ఫో'కి ఇస్తే, ప్రామాణిక సమయం రాకముందున్న కోల్‌కతా స్థానిక సమయాన్ని తీసుకుంటుంది. అది యూటీసీకి 5 గంటల 53 నిమిషాలు. 'లోకలైజ్' అనే పద్ధతి వాడితే సరిగా వస్తుంది. పైథాన్ 3.9 లేదా ఆపైది ఉంటే పైటీజెడ్ జోలికే పోవద్దు, 'జోన్‌ఇన్‌ఫో' చాలు. విండోస్‌లో దానికి 'టీజెడ్‌డేటా' ప్యాకేజీ కూడా వేసుకోవాలి.

మీరు అడగలేదు గానీ, పాల బిల్లు కాబట్టి చెప్పక తప్పదు. పైథాన్‌లో 2.5ని 'రౌండ్' చేస్తే 3 రాదు, 2 వస్తుంది. సగం దగ్గర సరి సంఖ్య వైపు పోవడం దాని నియమం. 2.675ని రెండు దశాంశాలకు తెస్తే 2.67 వస్తుంది, ఎందుకంటే ఫ్లోట్‌లో (దశాంశాలను బైనరీలో దాచే రకం) ఆ సంఖ్య 2.675 కంటే రవ్వంత తక్కువగా నిలుస్తుంది. మైఎస్‌క్యూఎల్ డెసిమల్ కాలమ్ అయితే 2.68 అంటుంది. చీటీ ఒక చోట, నెలవారీ మొత్తం ఇంకో చోట లెక్కకట్టారా, పైసలు కలవవు. డబ్బుకు 'డెసిమల్' వాడండి, దానికి విలువను ఫ్లోట్‌గా ఇవ్వకుండా కొటేషన్లలో అక్షరాలుగా ఇవ్వండి, 'రౌండ్ హాఫ్ అప్' అని స్పష్టంగా చెప్పండి.

ప్రశ్న: పార్కింగ్ రసీదు ప్రోగ్రాంలో బండి నంబరు సరిచూసే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల నమూనా) పెట్టాం: రెండు అక్షరాలు, రెండు అంకెలు, రెండు అక్షరాలు, నాలుగు అంకెలు. చాలా బండ్లను తిప్పికొడుతోంది. గేటు దగ్గర క్యూ కడుతున్నారు.
— తిరుపతి

జవాబు: ఆ నమూనా ఇక్కడి కొత్త బండ్లకు సరిపోతుంది, కొండకొచ్చే బండ్లన్నిటికీ సరిపోదు. చిత్తూరు పాత 'ఏపీ 03' బండ్లకు మధ్యలో ఒక్క అక్షరమే ఉండొచ్చు, చివర మూడంకెలే ఉండొచ్చు. 2019లో రాష్ట్రమంతటికీ 'ఏపీ 39' మొదలైంది కాబట్టి 03 అని గట్టిగా రాసుకున్న కోడ్ ఎప్పుడో చెల్లిపోయింది. ఢిల్లీ బండికి 'డీఎల్ 1సీ' అని ఒక్క అంకె, ఆ తర్వాత మొత్తం మూడు అక్షరాలు వస్తాయి. 2021లో వచ్చిన భారత్ సిరీస్ పూర్తిగా తలకిందులు: ముందు సంవత్సరం రెండంకెలు, తర్వాత 'బీహెచ్', నాలుగంకెలు, చివర ఒకటో రెండో అక్షరాలు. మిలిటరీ బండి నంబరు బాణం గుర్తుతో మొదలవుతుంది, దానికి ఏ నమూనా పెడతారు?

మొదట ఖాళీలు, హైఫన్లు, చుక్కలు తీసేసి అన్నీ పెద్ద అక్షరాలు చేయండి. తర్వాత రెండు నమూనాలు. ఒకటి: రెండు అక్షరాలు, ఒకటి లేదా రెండు అంకెలు, సున్నా నుంచి మూడు అక్షరాలు, ఒకటి నుంచి నాలుగు అంకెలు. రెండోది భారత్ సిరీస్‌కు. పైథాన్‌లో 'మ్యాచ్' కాకుండా 'ఫుల్‌మ్యాచ్' వాడండి, లేదంటే వెనకాల చెత్త ఉన్నా ఒప్పుకుంటుంది. అంకెకు బ్యాక్‌స్లాష్ డి పెట్టే అలవాటుంటే ఒకమాట: పైథాన్‌లో అది ౧, ౨, ౩లను కూడా అంకెలే అంటుంది, జావాస్క్రిప్ట్‌లో అనదు. వెబ్ ఫారంలో ఒకలా, సర్వర్‌లో ఇంకోలా ప్రవర్తించేది అందుకే. 0 నుంచి 9 అని విడిగా రాయండి.

రెండు నమూనాలకూ అందకపోతే బండిని ఆపకండి. నంబరు పక్కన 'చూడాలి' అని గుర్తు పెట్టి రసీదు ఇచ్చేయండి. నంబరు సరిచూడటం మనకు సాయానికి, గేటు మూయడానికి కాదు.

ప్రశ్న: నా కోడ్ గిట్‌హబ్‌లో అందరికీ కనబడేలా పెట్టాను. అందులో డేటాబేస్ పాస్‌వర్డ్ ఉందని ఒకరు చెప్పారు. వెంటనే తీసేసి మళ్లీ కమిట్ చేశాను. సరిపోతుందా?
— కుప్పం

జవాబు: సరిపోదు. పాత కమిట్‌లో అది అట్లాగే ఉంది, చరిత్ర తెరిస్తే కనబడుతుంది. మొదటి పని ఆ పాస్‌వర్డ్‌ను మార్చేయడం. ఈ మాట చదవడం ఆపి ముందు అది చేసి రండి. తర్వాత డేటాబేస్ లాగ్‌లో తెలియని చోటు నుంచి ఎవరైనా లాగిన్ అయ్యారేమో చూడండి. చరిత్ర శుభ్రం చేయడం ఆ తర్వాతే. దానికి 'గిట్ ఫిల్టర్-రెపో' ఉంది. కానీ మీ రెపోను ఎవరైనా ఫోర్క్ చేసి ఉంటే, క్లోన్ చేసుకుని ఉంటే అక్కడ మీ చెయ్యి ఆడదు. అందుకే మార్చడం ముందు, కడగడం తర్వాత.

మళ్లీ జరగకుండా పాస్‌వర్డ్‌లను 'డాట్ ఎన్వ్' ఫైల్లో పెట్టి, ఆ ఫైలు పేరు 'గిట్‌ఇగ్నోర్'లో రాయండి. ఇప్పటికే గిట్ పట్టుకున్న ఫైలును గిట్‌ఇగ్నోర్ వదిలించదు. 'గిట్ ఆర్ఎం'ను 'క్యాష్డ్' ఆప్షన్‌తో నడిపితేనే వదులుతుంది. ఫైలు మీ దగ్గర అట్లాగే ఉంటుంది. గ్రూపుల్లో కోడ్ పెట్టేటప్పుడు పాస్‌వర్డ్ చోట 'ఇక్కడ మీది' అని రాసి పెట్టండి. స్క్రీన్‌షాట్‌లో పక్క ట్యాబ్, టెర్మినల్ పైభాగం కూడా ఒకసారి చూసుకోండి. చాలా తాళాలు అక్కడే బయటపడతాయి.

ప్రశ్న: మా ఆఫీసు గ్రూపులో రోజూ టిప్‌లు వస్తాయి, ఎక్కువగా స్టాక్ ఓవర్‌ఫ్లో (ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు) నుంచి. ఎక్కువ ఓట్లున్నవే తీసుకుంటాం. అమ్మే సాఫ్ట్‌వేర్‌లో పెట్టొచ్చా? నమ్మొచ్చా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, తిరుపతి

జవాబు: రెండు ప్రశ్నలు. మొదటిదానికి: అక్కడి కోడ్‌కు క్రియేటివ్ కామన్స్ బై-ఎస్ఏ లైసెన్సు ఉంటుంది. 2018 మే 2 నుంచి వచ్చినవాటికి 4.0, అంతకు ముందువాటికి పాత వెర్షన్లు. రాసినవాళ్ల పేరు, లింకు చెప్పాలి. మార్చి పంచితే అదే లైసెన్సు కింద పంచాలి. ఈ రెండో షరతే అమ్మే సాఫ్ట్‌వేర్‌కు ఇరకాటం. ఆలోచన అర్థం చేసుకుని మీ సొంతంగా రాసుకోవడం ఉత్తమం. గిట్‌హబ్‌లో లైసెన్సు ఫైలే లేని రెపో కనబడితే 'అందరిదీ' అనుకోకండి. లైసెన్సు లేదంటే వాడుకునే హక్కు ఇవ్వలేదనే. ఎంఐటీ లైసెన్సు ఉంటే హాయి, కాపీరైట్ నోటీసు ఉంచితే చాలు.

నమ్మకం సంగతికొస్తే, ఓట్లు చాలవు. ఫైలు సైజును బైట్ల నుంచి కేబీ, ఎంబీలుగా చూపించే జావా ముక్క ఒకటి 2010లో స్టాక్ ఓవర్‌ఫ్లోలో వచ్చింది. అక్కడి నుంచి అత్యధికంగా కాపీ అయిన జావా కోడ్ అదేనని తర్వాత ఒక పరిశోధనలో తేలింది. అందులో తప్పుందని రాసినాయనే 2019లో బయటపెట్టారు. 9,99,999 బైట్లు ఇస్తే 1.0 ఎంబీ అనాల్సింది పోయి 1000.0 కేబీ అంటుంది. ముందు ఏ యూనిట్టో తేల్చుకుని, తర్వాత ఒక దశాంశానికి సవరించడం వల్ల వచ్చిన లోపం. ఇన్నేళ్లు ఎవరూ అంచు విలువ ఇచ్చి చూడలేదన్నమాట.

గ్రూపులో టిప్ పెట్టేవాళ్లు కోడ్‌తో పాటు మూడు నాలుగు ముక్కలు రాస్తే ఈ తిప్పలు తగ్గుతాయి: ఏ వెర్షన్‌లో నడిపారు, ఏ ఇన్‌పుట్‌కు ఏం వచ్చింది, ఎక్కడ నడవదు, ఎక్కడ దొరికింది. వెర్షన్ చిన్న విషయం కాదు. రెండు డిక్షనరీలను నిలువు గీతతో కలిపే పద్ధతి పైథాన్ 3.9 నుంచే ఉంది. 'డిస్ట్‌యుటిల్స్' మాడ్యూల్ 3.12లో పోయింది. వెర్షన్ రాయకపోతే అవతలివాళ్లు ఊహించుకోవాల్సిందే. 'ఎక్కడ నడవదు' అన్న లైను రాయడానికి చాలామంది మొహమాటపడతారు, నిజానికి చదివేవాళ్లకు అన్నిటికంటే పనికొచ్చేది అదే.

ప్రశ్న: ఫారంలో జిల్లాల జాబితా కోడ్ ముక్క ఒకరిచ్చారు. తిరుపతి అందులో లేదు. చేర్చేస్తే సరిపోతుందా?
— చిత్తూరు

జవాబు: అది 13 జిల్లాల కాలం నాటిది. 2022 ఏప్రిల్ 4న అవి 26 అయ్యాయి. చిత్తూరు, నెల్లూరు జిల్లాల భాగాలతో తిరుపతి జిల్లా ఏర్పడింది. ఒక్క పేరు చేర్చితే పాత రికార్డుల్లో శ్రీకాళహస్తి ఇంకా చిత్తూరు కిందే ఉంటుంది, సంవత్సరాల పోలిక తప్పుతుంది. జాబితాను కోడ్‌లో రాయకుండా పట్టికలో పెట్టండి. ఒక్కో మండలానికి జిల్లా, 'ఎప్పటి నుంచి', 'ఎప్పటి దాకా' అని కాలమ్‌లు ఉంచండి. పేర్ల బదులు కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్‌లు వాడితే స్పెల్లింగు గొడవ ఉండదు. పిన్‌కోడ్‌ను బట్టి జిల్లా కనుక్కునే ముక్కలు మాత్రం వద్దు. పిన్‌కోడ్ తపాలా శాఖ పంపిణీ కోసం పెట్టుకున్నది, జిల్లా గీతలతో కలవాలని లేదు.

ప్రశ్న: పాత బ్యాకప్‌లు తుడిచే షెల్ స్క్రిప్టు ఒకటి దొరికింది. విండోస్‌లో సరిచేసి లినక్స్ సర్వర్‌లో పెడితే 'బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్' అంటోంది. అది సరైతే రోజూ రాత్రి నడపాలనుకుంటున్నా.
— సిస్టమ్ అడ్మిన్, రేణిగుంట

జవాబు: విండోస్ ప్రతి లైను చివర 13, 10 అని రెండు అక్షరాలు పెడుతుంది, లినక్స్‌కు 10 ఒక్కటే కావాలి. ఆ మిగులు 13 మొదటి లైన్లోని ఇంటర్‌ప్రెటర్ పేరుకు అంటుకుంది. 'డాస్ టు యునిక్స్' ఒకసారి నడిపితే పోతుంది. గిట్‌లో ఉంచుకుంటే 'గిట్‌ఆట్రిబ్యూట్స్' ఫైల్లో షెల్ స్క్రిప్టులకు 'ఈఓఎల్' విలువ 'ఎల్ఎఫ్' అని రాసి పెట్టండి.

రోజూ నడిపే ముందు తుడిచే లైను చూడండి. 'ఆర్ఎం' పక్కన ఫోల్డర్ పేరు వేరియబుల్‌గా ఉండి, దాని వెనక స్లాష్, స్టార్ ఉన్నాయా? ఏదో కారణంగా ఆ వేరియబుల్ ఖాళీ అయితే ఆ లైను సర్వర్ మూలం నుంచి తుడవడం మొదలుపెడుతుంది. వేరియబుల్ పేరును మీసాల బ్రాకెట్లలో పెట్టి, పేరు తర్వాత కోలన్, ప్రశ్నార్థకం చేర్చండి. అప్పుడది ఖాళీగా ఉంటే స్క్రిప్టు అక్కడే ఆగుతుంది. దాన్ని డబుల్ కొటేషన్లలో కూడా పెట్టండి, పేరులో ఖాళీ ఉన్న ఫోల్డర్ రెండు ముక్కలవకుండా. వెనకున్న స్టార్ మాత్రం కొటేషన్ బయటే ఉండాలి.

పాతవి ఏరడానికి 'ఫైండ్'ను 'ఎంటైమ్' ప్లస్ 7తో వాడుతుంటే అది నిండా 8 రోజులు గడిచిన ఫైళ్లనే పట్టుకుంటుంది, రోజుల లెక్కలో భిన్నం వదిలేస్తుంది కాబట్టి. మొదటి వారం చివరి 'డిలీట్' తీసేసి 'ప్రింట్' పెట్టి నడపండి. ఆ జాబితా పొద్దున చదివి, అందులో నిన్నటి బ్యాకప్ లేదని చూసుకున్నాకే 'డిలీట్' పెట్టండి. పెట్టేటప్పుడు అది లైను చివరే ఉండాలి. షరతుల కంటే ముందు పెడితే ఆ ఫోల్డర్‌లో ఉన్నదంతా తుడిచేస్తుంది.